తప్పు రెండు పనుల వెనక ఉంటుంది

స్టూలు ఊగుతోంది. కాళ్ళు కోసి, బిగించి, జిగురు ఆరాక నేల మీద నిలబెట్టి ఒక మూల నొక్కితే టక్కున అటు వాలుతుంది. పొడుగ్గా ఉందనిపించిన కాలిని కొంచెం కోస్తారు. ఇప్పుడు పక్క మూలకు వాలుతుంది. దాన్నీ కొంచెం కోస్తారు. ఇలా కోసుకుంటూ పోయి, స్టూలని మొదలుపెట్టినదాన్ని పీటగా తేల్చినవాళ్ళు ఇంట్లో చెక్కపని చేసుకునేవాళ్ళలో తక్కువేం కాదు.

అక్కడ మొదట చెయ్యాల్సింది రంపం తియ్యడం కాదు. స్టూలును అదే చోట పావు చుట్టు తిప్పి చూడాలి. ఇందాక ఊగిన కాళ్ళే మళ్ళీ ఊగితే తప్పు స్టూలుది. ఈసారి వేరే కాళ్ళు ఊగితే తప్పు నేలది, టైల్స్ వేసినాయన్ని తలుచుకుని ఊరుకోవాలి. స్టూలుదే అని తేలితే దాన్ని వంటింటి గ్రానైటు గట్టు మీదికి ఎక్కించండి. ఇంట్లో అంతకన్నా చదునైన చోటు మామూలుగా దొరకదు. గాల్లో ఉన్న కాలి కింద అట్టముక్కలు దూర్చి, కూర్చునే పలక నలువైపులా గట్టుకు ఒకే ఎత్తులో ఉండేలా సర్దండి. ఒక చిన్న చెక్కముక్క మీద పెన్సిలును పడుకోబెట్టి పట్టుకుని, ఆ ముక్కను గట్టు మీద జరుపుతూ నాలుగు కాళ్ళ చుట్టూ గీత గియ్యండి. ఆ గీతల మీద కోస్తే కాలికి ఒక్క కోతతో సరిపోతుంది.

ఊగే స్టూలు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఇంటి వర్క్‌షాపులో మనకు విసుగు తెప్పించే తప్పుల్లో ఎక్కువ భాగం, అవి బయటపడిన చోట పుట్టినవి కావు. పాలిష్ వేసేటప్పుడు కనిపించిన గీత పాలిష్‌లో పుట్టలేదు. బిగించేటప్పుడు కలవని మూల బిగింపులో చెడలేదు. దాదాపు ప్రతిసారీ తప్పు రెండు పనులు వెనక ఉంటుంది. మనమేమో బయటపడిన చోటే దాన్ని సరిచెయ్యబోతాం. అక్కడ సరికాదు, కోపం వస్తుంది, ఆ కోపంలో కొత్త తప్పు చేస్తాం. అందుకని ఏదైనా చెడగానే వేసుకోవాల్సిన ప్రశ్న “ఇప్పుడేం చెయ్యాలి?” కాదు, “దీనికి రెండు పనుల ముందు నేనేం చేశాను?” అన్నది. ఇది మనసుకు నచ్చజెప్పుకునే మాట కాదు. దీని మీదే పని నడుస్తుంది.

కర్ర ఇంకా ఆరుతూనే ఉంది

అన్నింటికన్నా వెనక్కి వెళ్తే టింబర్ డిపోలో తేలతాం. అక్కడ ఏం జరుగుతుందో అందరికీ తెలుసు.

“ఎండిన కర్రేనా అండీ?”

“పూర్తిగా ఎండింది సార్. రెండేళ్ళ సరుకు.”

ఆయన అబద్ధం చెప్పాడని కాదు. దుంగ రెండేళ్ళ నుంచి డిపోలో ఉండి ఉండొచ్చు. కానీ మీ పలక నిన్న కోసింది. దుంగ లోపలి కర్రకు నిన్నటి దాకా గాలి తగల్లేదు. గాలికి ఆరబెట్టే పలకకు అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క ఒకటుంది. మన ఎండలకు ఇంకా ముందే ఆరొచ్చు. అయినా ఆ లెక్క మొదలయ్యేది పలకగా కోసిన రోజు నుంచి, చెట్టు కొట్టిన రోజు నుంచి కాదు.

పచ్చి కర్రలో తేమ రెండు రకాలుగా ఉంటుంది. కణాల ఖాళీల్లో ఉన్న నీళ్ళు ముందు పోతాయి, అప్పటికి కర్ర కొలత మారదు. తేమ సుమారు ముప్ఫై శాతం కిందికి దిగాక కణాల గోడల్లోని తడి ఆరడం మొదలవుతుంది. ముడుచుకోవడం అప్పుడే. పొడవులో ఈ ముడుచుకోవడం లెక్కలోకి రానంత తక్కువ, వెడల్పులోనే ఉంటుంది. వెడల్పులో కూడా అన్నివైపులా ఒకేలా ఉండదు. దుంగ అడ్డకోతలో కనిపించే వలయాల వెంబడి, వాటిని దాటుతూ కేంద్రం వైపు జరిగేదానికి దాదాపు రెండింతలు ముడుచుకుంటుంది. పలక దోనెలా వంగడానికి కారణం ఈ తేడానే.

టేకు ఈ విషయంలో చాలా నెమ్మదైన కర్ర, అందుకే దానికంత పేరు. అలాంటి టేకులో కూడా రెండడుగుల వెడల్పు బల్లపలకలో తేమ నాలుగు శాతం మారితే ఒక నూలుకు పైనే కదలిక వస్తుంది. మేస్త్రులు నూలు అనేది అంగుళంలో ఎనిమిదో వంతు, మన లెక్కలో మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ పలకను కింద చట్రానికి నలువైపులా స్క్రూలతో కదలకుండా బిగించారనుకోండి. వానాకాలంలో ఉబ్బడానికి చోటుండదు, వేసవిలో ముడుచుకోవడానికి వీలుండదు. ఏప్రిల్‌లో ఒక రాత్రి గట్టిగా చప్పుడు వినిపిస్తుంది, పొద్దున చూస్తే పలక నిలువునా చీలి ఉంటుంది. స్క్రూ బిగించిన రోజు తుమ్మ కర్రలా గట్టిగా ఉందని మీరు మురిసిన బిగింపే దాన్ని చీల్చింది.

పాత ఇళ్ళ తలుపులు చూడండి. చట్రంలో గాడి తీసి పలకను అందులో కూర్చోబెడతారు, జిగురు పెట్టరు, మేకు కొట్టరు. వేసవిలో అలాంటి తలుపును దగ్గరికెళ్ళి చూస్తే పలక అంచున రంగు తగలని సన్నటి గీత కనిపిస్తుంది. రంగు వేసిన రోజు గాడిలో దాక్కున్న చెక్క అది. ఆ మేస్త్రికి శాతాలు తెలియకపోవచ్చు, పలక కదులుతుందని మాత్రం తెలుసు. బల్లపలకకూ అదే సూత్రం: స్క్రూ రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా పలక వెడల్పు వైపు పొడవుగా తొలచండి. స్క్రూ పట్టుకునే ఉంటుంది, పలక జరగడానికి చోటూ ఉంటుంది.

కర్ర ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు దొరుకుతాయి. అవి లేకపోయినా వంటింట్లో తూకం ఉంటే చాలు. పలక చివరి నుంచి కాకుండా, ఒక అడుగు లోపలి నుంచి చిన్న ముక్క కోసి, బరువు దాని మీదే పెన్సిలుతో రాసి, మిగతా పలకల పక్కనే పెట్టండి. వారానికోసారి తూచండి. బరువు తగ్గుతున్నన్ని వారాలు కర్ర ఆరుతున్నట్టే. తగ్గడం ఆగాక పని మొదలుపెట్టండి. ఈలోగా పలకలను సిమెంటు నేల మీద పరిచెయ్యొద్దు. మేడ మీద ఎండలో అసలే వద్దు. ఎండ తగిలిన పైముఖం ముందు ముడుచుకుని పలక పైకి లేస్తుంది. అలా లేచినదాన్ని చిత్రిక పట్టి చదును చేస్తే, రెండో ముఖం ఆరాక అది ఇంకోవైపు వంగుతుంది. ఒకే మందం ఉన్న సన్నటి బద్దలు మధ్యలో పెట్టి, నీడలో, గాలి ఆడేలా పేర్చండి. చివరలకు పాత పెయింటో మైనమో పూస్తే అక్కడి నుంచి తేమ ఒక్కసారిగా పోయి పగుళ్ళు రావు.

యూట్యూబ్‌లో అమెరికా వర్క్‌షాపుల వీడియోలు చూసి పని నేర్చుకునేవాళ్ళకు ఈ చోటే ఎక్కువ దెబ్బ తగులుతుంది. వాళ్ళకు బట్టీలో ఆరబెట్టిన ఓక్, మేపుల్ పలకలు దుకాణంలో దొరుకుతాయి. కర్ర తెచ్చిన రోజే పని మొదలుపెట్టినట్టు కనిపిస్తుంది. మనం కూడా ఆదివారం పొద్దున తెచ్చి, సాయంత్రానికి చట్రం బిగించేస్తాం. మళ్ళీ ఆదివారానికి మూలలు తెరుచుకుని ఉంటాయి. మన చేతికి పని రాలేదని నిరాశపడతాం. చెయ్యి బాగానే ఉంది. కర్రే ఇంకా కుదురుకోలేదు.

నూలు తేడా

కొలతల్లో వచ్చే విసుగు ఇంకో రకం. ప్రతి పనీ విడిగా చూస్తే సరిగ్గానే ఉంటుంది, అన్నీ కలిపితే తేడా వస్తుంది. ఆరు అంగుళాల ముక్కలు నాలుగు కావాలని రెండడుగుల బద్దను తెచ్చి, గీతలు గీసి కోస్తే నాలుగోది పొట్టిగా వస్తుంది. రంపం తిన్నది ఎవరూ లెక్కపెట్టరు. మిషన్ బ్లేడు ఒక్కో కోతకు రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు పొట్టు చేస్తుంది, అంటే కోతకు దాదాపు ఒక నూలు. గీత ఏవైపు ఉండాలో, రంపం ఏవైపు నడవాలో కొయ్యకముందే ఒక అడ్డగీతతో గుర్తు పెట్టుకోండి. ఒక ముక్క కోశాకే తర్వాతిది కొలవండి.

టేపు కొనకున్న కొక్కెం కాస్త అటూఇటూ ఆడుతుంది. అది వదులైపోయిందనుకుని సుత్తితో కొట్టి బిగించేవాళ్ళున్నారు. ఆ కదలిక కావాలనే పెట్టింది. కొక్కెం తన మందమంతే జరుగుతుంది. అంచుకు తగిలించి లాగి కొలిచినా, లోపలి గోడకు ఆనించి కొలిచినా సరైన కొలత వచ్చేది అందువల్లే. బిగించేశారంటే ఆ రోజు నుంచి లోపలి కొలతో బయటి కొలతో ఏదో ఒకటి తప్పే.

మూలమట్టం సంగతి ఇంకా దారుణం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పనిముట్ల మీద నెపం పెట్టొద్దని పెద్దలు చెబుతారు, నిజమే. కానీ మద్దెల నిజంగానే ఓటిదైన సందర్భాలూ ఉంటాయి. చవగ్గా దొరికే మూలమట్టం తొంభై డిగ్రీలు ఉంటుందన్న నమ్మకం లేదు. తిన్నటి అంచున్న ప్లైవుడ్ ముక్కకు దాన్ని ఆనించి గీత గియ్యండి, తర్వాత మట్టాన్ని బోర్లించి అదే చోటి నుంచి మళ్ళీ గియ్యండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే మంచిది. వేరైతే, వాటి మధ్య ఉన్న తేడాలో సగం మట్టం తప్పు. ఒక్క డిగ్రీ తేడా రెండడుగుల దూరం వెళ్ళేసరికి మూడు నూళ్ళు దాటుతుంది. ఫోటో ఫ్రేము చేసేటప్పుడైతే నాలుగు మూలలకు ఎనిమిది కోతలు. ఒక్కో కోతలో అర డిగ్రీ తప్పితే మూడు మూలలు చక్కగా అతికి, నాలుగో మూలలో నాలుగు డిగ్రీల సందు నోరు తెరుస్తుంది. ఆ సందులో మక్కు కూరి, ఆ మూలను తిట్టుకుంటాం. తప్పు ఎనిమిది చోట్ల సమానంగా పంచుకుని ఉంది. పాపం ఆ మూల చివర వచ్చింది, అంతే.

చతురస్రంగా ఉందో లేదో చూడటానికి మట్టాన్ని నాలుగు మూలల్లో పెట్టడం కన్నా ఎదురు మూలల మధ్య దూరం టేపుతో కొలవడం మేలు. రెండు కర్ణాలూ సమానమైతే చట్రం సరిగ్గా ఉన్నట్టు. జిగురు తడిగా ఉండగానే కొలవాలి, పొడుగ్గా ఉన్న కర్ణం వెంబడి కాస్త నొక్కితే సర్దుకుంటుంది.

ఇక పదును. చిత్రిక పట్టేటప్పుడు చెక్క పేడులు పేడులుగా లేస్తుంటే కర్ర మంచిది కాదంటాం. నార వాలుకు ఎదురుగా తోస్తున్నామేమో చూసి, పలకను తిప్పితే సగం సమస్య పోతుంది. మిగతా సగం పదునుది. టేకులో సిలికా ఉంటుంది, అది అంచును త్వరగా మొద్దుబారుస్తుంది. మందపాటి గాజుపలక మీద నీటి ఎమరీ పేపరు పరిచి, నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, గరుకు నుంచి నునుపు వైపు వెళ్తూ ఉలిని రుద్దితే ఇంట్లోనే మంచి పదును వస్తుంది. ఉలి వాలు ముఖాన్ని మాత్రమే రుద్దడం మన అలవాటు. వెనకవైపు చదును ముఖాన్ని కూడా, కనీసం అంచు దగ్గర, అద్దంలా చెయ్యకపోతే పదును నిలవదు. మొద్దుబారిన ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన ఉలి జారుతుంది. మొద్దు ఉలి పదునైన ఉలికన్నా ప్రమాదమని అందరూ అంటారు కానీ, పని మధ్యలో లేచి వెళ్ళి సానపట్టేవాళ్ళు అరుదు. బెజ్జం తొలుస్తున్నప్పుడు అడుగున చెక్క కోసుకోవడం మాని నలుగుతోందంటే లేవాల్సిన వేళ వచ్చిందని అర్థం.

జిగురు, పాలిష్

1959లో ఫెవికాల్ వచ్చే నాటికి మన వడ్రంగులు తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన బంకను వేడివేడిగా వాడేవాళ్ళు. అది కంపు కొట్టేది, ప్రతిసారీ కరిగించుకోవాల్సి వచ్చేది. కానీ దానిలో ఒక సుగుణం ఉండేది: తప్పుగా అతికితే వేడి, తడి తగిలించి ఊడదీసుకోవచ్చు. తెల్ల జిగురు ఒకసారి ఆరితే అంత తేలిగ్గా వదలదు. అందుకే జిగురు పెట్టకముందే అన్నీ పొడిగా బిగించి చూడాలి. మాట వరసకు కాదు, క్లాంపులతో సహా. ఏ క్లాంపు ఎక్కడ, ఏ ముక్క ముందు, సుత్తి ఎక్కడుంది అన్నీ ఆ పొడి బిగింపులో తేలిపోవాలి. ముక్కల మీద అంకెలు వేసుకోండి. మే నెల మధ్యాహ్నం ఫ్యాను గాలిలో జిగురు మీద నిమిషాల్లోనే పొర కడుతుంది, ఆ కంగారులో ఎడమ కాలు కుడివైపు పెట్టినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు.

పక్కలకు కారిన జిగురును తడిగుడ్డతో తుడిచేస్తే శుభ్రమైనట్టే కనిపిస్తుంది. నిజానికి పలచనై చెక్క రంధ్రాల్లోకి పోతుంది. పాలిష్ రోజున అక్కడ రంగు ఎక్కదు, వేలిముద్రలతో సహా తెల్లటి మచ్చలు తేలతాయి. కారినదాన్ని అలాగే వదిలి, రబ్బరులా గట్టిపడ్డాక మొద్దు ఉలితో లేపేస్తే చెక్కను పట్టుకోదు. మొద్దు ఉలికి ఉన్న ఒకే ఒక ఉపయోగం ఇది.

పాలిష్ రోజున బయటపడే ఇంకో దొంగ, ఎమరీ గీతలు. 80 నంబరు పేపరుతో రుద్ది, ఓపిక లేక నేరుగా 220కి దూకితే చెక్క చేతికి నున్నగానే తగులుతుంది. రంగు పూయగానే 80 వేసిన గీతలన్నీ నల్లగా లేస్తాయి. అప్పుడు 220 పెట్టి ఎంత రుద్దినా పోవు. మళ్ళీ 120కి, 180కి వెనక్కి వెళ్ళాలి. పాలిష్‌కు ముందే పట్టుకోవాలంటే గదిలో లైటు ఆర్పి, ఫోను టార్చిని పలక మీద పడుకోబెట్టినట్టు పక్క నుంచి వెయ్యండి. లేదా థిన్నరులో తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి, తడి ఆరేలోపు గీతలూ జిగురు మచ్చలూ రెండూ కనిపిస్తాయి.

వానరోజు లాకర్ కొట్టొద్దు. థిన్నరు ఆవిరవుతూ చెక్క ముఖాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరుతుంది, పాలిష్ పాలు పోసినట్టు తెల్లబారుతుంది. కోస్తా ఊళ్ళలో దీనికి వర్షమే అక్కర్లేదు, ఉక్కపోత చాలు.

తర్వాతి పది నిమిషాలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చెడిన పనిని ఎలా చదవాలో. కానీ చాలా పనులు మొదటి తప్పుతో చెడవు. తప్పు జరిగిన తర్వాతి పది నిమిషాల్లో మనం చేసే మరమ్మతుతో చెడతాయి. నూలు పొట్టిగా కోసిన ముక్కను సరిచెయ్యడానికి మిగతా మూడింటినీ గబగబా కోస్తాం. తెరుచుకున్న సందును మూయాలని స్క్రూ బిగించి లాగుతాం, ప్లైవుడ్ అంచు పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ పది నిమిషాల్లో పనిముట్టు పట్టుకోకూడదన్నది నేను గట్టిగా చెప్పే నియమం. పెన్సిలు పట్టుకోవచ్చు. చెడిన ముక్క మీదే ఏం జరిగిందో, దాని ముందు ఏ రెండు పనులు చేశారో రాయండి. “మట్టం చూడలేదు, ముందు ఎడమ కాలు కోశాను” అని రెండు ముక్కలు చాలు. రాసేసరికి సగం వేడి దిగుతుంది. మిగతా సగం కాఫీకి వదిలెయ్యండి.

ఇంట్లోవాళ్ళతో ఒక మాట. “ఎప్పటికవుతుంది?” అని అడిగితే తేదీ చెప్పకండి. పండక్కి అల్మరా సిద్ధం అని మాటిచ్చిన చెక్కపని ఆ పండగ ముందు రాత్రి పదకొండింటికి చెడుతుంది. ఇది జ్యోతిషం కాదు. తొందరలో ఎండని కర్ర వాడతాం, పొడి బిగింపు మానేస్తాం, రాత్రి వెలుతురులో గీత సరిగ్గా కనిపించదు.

కోపంలో మిషన్ ముట్టుకోవడం గురించి మాత్రం నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు. మన దగ్గర చాలా ఇళ్ళలో చెక్క కోసేది నాలుగంగుళాల కట్టింగ్ మిషనుతోనే. నిమిషానికి 10,000 చుట్లు దాటే ఆ మిషనుకు చెక్క బ్లేడు తగిలించి, అడ్డొస్తోందని గార్డు ఊడదీసి వాడతారు. బ్లేడు చెక్కలో ఇరుక్కుంటే మిషను చేతిలోంచి వెనక్కి ఎగురుతుంది. ఇక్కడ రెండు పనులు వెనక్కి వెళ్ళి ఆలోచించడానికి టైముండదు, వెనక్కి వెళ్ళాల్సింది ముందే: గార్డు ఉందా, ముక్కను క్లాంపుతో పట్టించామా, లుంగీ, చున్నీ, గొలుసు లాంటివి వేలాడుతున్నాయా. తిరిగే బ్లేడు దగ్గర చేతితొడుగులు రక్షణ కావు, గుడ్డ చిక్కుకుంటే చేతిని కూడా లాక్కుపోతాయి. దుమ్ముకు ముక్కుగుడ్డ చాలదు, మంచి మాస్కు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. అవిసె నూనె పాలిష్ పెట్టిన గుడ్డలను ఉండచుట్టి మూల పడెయ్యకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. తీగ మీద విడివిడిగా ఆరబెట్టండి, లేదా నీళ్ళున్న డబ్బాలో ముంచండి.

చెడినదాన్ని ఏం చెయ్యాలి

అన్నీ పారెయ్యక్కర్లేదు, అన్నీ దాచుకోనూ అక్కర్లేదు. పొట్టిగా కోసిన పెద్ద ముక్క చిన్న ముక్క అవుతుంది. తప్పు చోట తొలిచిన బెజ్జంలో అదే చెక్కతో, అదే నార దిక్కులో బిరడా చేసి జిగురుతో దిగగొట్టి చదును చేస్తే దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు. సన్నటి సందులకు ఆ చెక్క పొట్టునే వాడండి. కొండపల్లి బొమ్మలవాళ్ళు పొణికి చెక్క ముక్కలను అతికేది ఇలాంటి ముద్దతోనే: చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కు. బొమ్మకు తర్వాత రంగు వేస్తారు కాబట్టి అతుకు కనపడదు. మీరు చెక్క రంగు కనిపించేలా పాలిష్ వేస్తుంటే మాత్రం జిగురుతో కలిపిన పొట్టు మచ్చలా తేలుతుంది. పొట్టును లాకర్‌తో కలిపితే కొంత నయం.

పగులుకు ఇంకో దారి ఉంది. జపాన్ మూలాలున్న అమెరికన్ చెక్కపని కళాకారుడు జార్జ్ నకషిమా (1905–1990) వెడల్పాటి పలకల్లో వచ్చిన పగుళ్ళను కూరి దాచేవాడు కాదు. పగులుకు అడ్డంగా సీతాకోకచిలుక ఆకారపు చెక్కబిళ్ళను పొదిగేవాడు. రెండువైపులా వెడల్పుగా, నడుమ సన్నగా ఉండే ఆ బిళ్ళ పగులును ఇంకా తెరుచుకోనివ్వదు. ఆయన 1930ల చివర్లో పాండిచ్చేరిలో అరవిందాశ్రమం వసతి గృహం కట్టే పని దగ్గరుండి చూశాడు. దాని పేరు గోల్కొండ. హైదరాబాదు సంస్థానంలో పెద్ద పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం నుంచి వచ్చిన విరాళంతో కట్టారు కాబట్టి ఆ పేరు. తర్వాత అమెరికాకు తిరిగి వెళ్ళాక, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్నవాళ్ళను నిర్బంధించిన శిబిరంలో ఒక జపనీస్ వడ్రంగి దగ్గర ఆయన చేతిపనికి సానపెట్టుకున్నాడు. ఆయన బిళ్ళలను అనుకరించే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. అవి పనిచేసేది ఆరిన పలకలోనే. ఇంకా ఆరుతున్న పలకకు బిళ్ళ వేస్తే పగులు బిళ్ళ పక్కన కొత్త దారి వెతుక్కుంటుంది. మళ్ళీ తూకం దగ్గరికే వస్తాం.

పుచ్చు పట్టిన ముక్కను మాత్రం దాచుకోవద్దు. కింద సన్నటి పొడి రాలుతోందంటే లోపల పురుగు ఉంది. రబ్బర్‌వుడ్, మామిడి, ఏ కర్రకైనా చేవ పట్టని తెల్లచెక్క దానికి ఇష్టం. పొదుపు చేద్దామని దాన్ని అల్మరా వెనకపలకకు వాడితే మంచి పలకలకూ అంటుతుంది.

ఇక పని పూర్తయి, ఇంట్లో వాడుకలోకి వచ్చాక కూడా ఒక విసుగు మిగులుతుంది. శ్రావణంలో సొరుగు బిగుసుకుంటుంది. వెంటనే చిత్రిక తీసి అంచులు తొలిచేస్తారు, సొరుగు హాయిగా జరుగుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి చుట్టూ బల్లి దూరేంత సందు. ఈసారి ఇలా చెయ్యండి. సొరుగు లాగి, అంచుల వెంబడి మెత్తటి పెన్సిలుతో గట్టిగా రుద్ది లోపలికి తోసి తియ్యండి. ఎక్కడ పెన్సిలు చెరిగిందో అక్కడే రాసుకుంటోంది. ఆ చోట కొవ్వొత్తితో రుద్దండి, చాలాసార్లు దానితోనే సరిపోతుంది. లేకపోతే గుర్తు చెరిపెయ్యకుండా ఉంచి, డిసెంబరు దాకా ఆగండి. గాలి పొడిబారాక కూడా అక్కడే తగులుతుంటే గుర్తున్నంత మేరే ఒకటి రెండు పొరలు తియ్యండి. డిసెంబరులో తగలకపోతే సొరుగులో తప్పు లేదు, వచ్చే శ్రావణానికి ఇంకో కొవ్వొత్తి చాలు.